నమక్ అనని మనిషి

మా వర్క్‌షాపుకి ఈమధ్య కొత్త మీటరు వచ్చింది. అరచేతిలో ఇమిడిపోతుంది. టర్బైన్ బ్లేడు కడిగిన నీళ్ళు రెండు చుక్కలు వేస్తే అందులో ఉప్పు ఎంత ఉందో అంకె చూపిస్తుంది. మొన్న సోమవారం పొద్దున దాన్ని చూసే టెక్నీషియన్ అవతలి గదిలోంచి కేకేశాడు: "మేడమ్, నమక్ నహీ హై!" ఉప్పు లేదు, రిజిస్టరులో రాసుకోండి అని. పెన్ను తీశాను గాని చెయ్యి కదల్లేదు. ఏమైందని అతను వచ్చి అడిగితే కంట్లో నలుసు పడిందన్నాను. రాయపూర్ శివారు ఉర్లాలో ఈ అబద్ధాన్ని అనుమానించేవాళ్ళు ఉండరు. ఇక్కడి ఫ్యాక్టరీల మసి రోజూ అందరి కళ్ళలోనూ పడుతూనే ఉంటుంది.

ఒకప్పుడు మా షాపులో నాతో పనిచేసిన పెద్దాయన పోయి అప్పటికి నెలన్నర. అన్నీ అయిపోయాక ఆయన కూతురు ఫోన్ చేసింది. "నీకు ముందల సెప్పాల్సింది అక్కా, ఆ గాబరాలో ఫోన్ సెయ్యనేకపోనాను" అంది. ఫోనులో నేను ఏడవలేదు. పర్వాలేదమ్మా అని పెద్దదానిలా ఓదార్చాను. నెలన్నర తర్వాత, నమక్ నహీ హై అన్న మూడు మాటలకి ఏడుపొచ్చింది. ఎందుకంటే ఆయన నమక్ అనని మనిషి.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే కోప్పడేవాడు. రిజిస్టరులో సంతకం దగ్గర తప్ప ఇంకెక్కడా తన పేరు కనబడడం ఆయనకి నచ్చేది కాదు. షాపులో అందరికీ ఆయన ఉస్తాద్. నాకొక్కదానికే బాబాయ్.

మా పనేమిటో చెబితే గాని ఆయన ఎలాంటివాడో అర్థం కాదు. కరెంటు తయారుచేసే గ్యాస్ టర్బైన్లలో అరచెయ్యంత బ్లేడులు వరసగా ఉంటాయి. లోహాన్ని కరిగించేంత వేడిగాలి వాటి మీదుగా పోతుంది. ఆ వేడి లోపలికి దిగకుండా వాటికి పైన తెల్లటి పింగాణీ పూత వేస్తారు. ఆ పింగాణీ పట్టుకుని నిలబడడానికి కింద ఒక లోహపు పూత ఉంటుంది. కొన్నాళ్ళు తిరిగాక పూత దెబ్బతింటే బ్లేడులు మా దగ్గరికి వస్తాయి. పాతది తీసేసి, కడిగి, కొత్త పూత వేసి పంపుతాం. ఇంత వేడిని తట్టుకునే పూతకి శత్రువు మాత్రం ఉప్పు. చవకరకం ఫర్నెస్ ఆయిల్‌లో ఉండే ఉప్పులు మంటలో కరిగి, బ్లేడు మీద చేరి, పూతనీ లోహాన్నీ తినేస్తాయి. కడిగినప్పుడు ఏ గుంటలోనో కాస్త మిగిలిపోయినా చాలు, కొత్త పూత కింద కూర్చుని తమ పని తాము చేసుకుపోతాయి. ఒకరోజు పూత మొత్తం పెచ్చులుగా లేచిపోతుంది. ఇంజనీర్లు దీన్ని హాట్ కరోజన్ అంటారు. ఆయన ఉప్పు తెగులు అనేవాడు, వరికి తెగులు వచ్చినట్టు.

ఆ ఉప్పుని వెతికి పట్టుకోవడం ఆయన ఉద్యోగం. కడిగించడం, చూడడం, పూత వెయ్యొచ్చో లేదో చెప్పడం. ఆయన చెప్పింది రిజిస్టరులో రాయడం నా ఉద్యోగం.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై నాలుగైదేళ్ళయిన రోజులవి. నేను డిప్లొమా చేసి కొత్తగా చేరాను. మాది గుఢియారీ. నాన్న రైల్వే. విజయనగరం నుంచి వచ్చిన కుటుంబమే అయినా నేను పుట్టి పెరిగింది రాయపూర్‌లోనే కాబట్టి మా ఇంటి తెలుగులో హిందీ పాలు ఎక్కువ. "సబ్జీ మాడిపోయింది, నమక్ డబ్బా ఇటియ్యి" అంటే మా ఇంట్లో అచ్చ తెలుగు వాక్యం కింద లెక్క. అదే తెలుగుతో మొదటి రోజు ఆయన్ని అడిగాను: "బాబాయ్, ఈ బ్లేడులో నమక్ ఉందా?"

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశాడు.

"నమకేటి? మా ఊరి పంటకి పేరు మార్చీడానికి నువ్వెవులివే గుంటా?"

ఆయనది శ్రీకాకుళం జిల్లాలో నౌపడ పక్కన ఉప్పుమళ్ళ ఊరు. అక్కడ ఆడపిల్లని గుంట అంటారు. సముద్రపు నీరు మళ్ళలోకి పెట్టి ఎండలో ఉప్పు పండించే వాళ్ళ వంశం. "మా తాత ఉప్పు పండించినాడు. మా అయ్య ఉప్పు మోసినాడు. నాను ఉప్పు కడుగుతున్నాను. ఇంక మా ఇంటికీ ఉప్పుకీ సెల్లు" అని నవ్వేవాడు. నమక్ అనేది ఆయన దృష్టిలో ప్యాకెట్టు మీద మాట, కొట్లో అమ్మేది. ఛత్తీస్‌గఢీ పనివాళ్ళు నూన్ అంటే ఏమీ అనేవాడు కాదు. అది వాళ్ళ ఇంటి మాట, వాళ్ళిష్టం. నమక్ అంటే మాత్రం తెలుగువాడైనా, హిందీవాడైనా ఒకటే చీవాట్లు. చివరికి వాళ్ళే దారికొచ్చారు. "ఉస్తాద్, ఇస్‌మే ఉప్పు హై!" అని బస్తర్ మనిషొకడు అరుస్తుంటే మొదటిసారి విన్న కస్టమర్లు బిత్తరపోయేవాళ్ళు.

బ్లేడుని ఒట్టి చేత్తో ముట్టుకుంటే ఆయనకి కోపం నషాళానికి అంటేది. "సేతిలో సముద్రం ఉంటాదే. ముట్టకు!" అనేవాడు. చెమటలో ఉప్పు ఉంటుంది కదా, అదీ సంగతి. తెల్ల నూలు గ్లౌజులు తనే ఉతుక్కునేవాడు, సబ్బు లేకుండా, మూడు నీళ్ళలో. మధ్యాహ్నం చద్దన్నంలోకి సొంత ఊరి కల్లుప్పు పొట్లం ఒకటి తెచ్చుకునేవాడు గాని దాన్ని షాపు గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. గేటు దగ్గర వాచ్‌మన్ కిటికీలో పెట్టి వచ్చి, తిండి వేళకి అక్కడికే వెళ్ళి తిని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వచ్చేవాడు. సినిమాల్లో పోలీసు తుపాకీ అప్పగించి ఇంట్లోకి వెళ్ళినట్టు ఉంటుంది బాబాయ్ అని వెక్కిరిస్తే, "నవ్వు, నవ్వు. నీకేటి తెలుసు దాని బలం" అనేవాడు.

మరుగునీళ్ళ తొట్టిలో బ్లేడులు ముంచేటప్పుడు ప్రతిసారీ ఒకే సామెత. "ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగాల. తాగండి బాబూ, తాగండి." బ్లేడులతో అలా మాట్లాడుతుంటే కొత్తవాళ్ళు నా వంక చూసేవారు. నేను రిజిస్టరులోకి తల దించుకునేదాన్ని.

పరీక్షలు రెండు మామూలువి, ఒకటి ఆయనది. కడిగిన నీళ్ళలో మందు చుక్క వేస్తాం, తెల్లబడితే ఉప్పు ఉన్నట్టు. పూత వేసిన తర్వాత చెక్క గరిటె పిడితో తట్టి వింటాం, సంతలో కుండ కొనేవాళ్ళు వేలితో కొట్టి చూసినట్టు. గట్టిగా పట్టిన పూత ఖంగుమంటుంది, "పలుకుతంది" అనేవాడు. లోపల విడిపోయిందైతే శబ్దం ముద్దగా వస్తుంది. "ఇది మూగదమ్మా" అని పక్కన పెట్టేవాడు. మూడోది మాత్రం వానాకాలంలోనే చేసేవాడు. కడిగి ఆరబెట్టిన బ్లేడుని సాయంత్రం బల్ల మీద వదిలేసి వెళ్ళి, పొద్దున్నే వచ్చి కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూసేవాడు. గుంటలో ఉప్పు దాక్కుని ఉంటే గాలిలో తడి పీల్చుకుని అక్కడ సన్నగా చెమరుస్తుంది. వానల్లో వంటింటి ఉప్పు జాడీ చెమర్చినట్టే. ఏ మందుకీ దొరకని ఉప్పు ఆయనకి అలా దొరికేది. "ఉప్పు ఎంత దాక్కున్నా వానొస్తే ఏడుస్తాదే" అనేవాడు.

అందుకే ఎండాకాలమంటే ఆయనకి పడేది కాదు. రాయపూర్ మే నెలలో గాలికి తడి అన్నమాటే తెలియదు. ఆ నెలంతా ఆయన ముఖం కందగడ్డలా చేసుకుని తిరిగేవాడు.

ఒక మే నెలలో పెద్ద సెట్టు ఒకటి వచ్చింది. ఒక కంపెనీ సొంత కరెంటు కోసం నడుపుకునే టర్బైన్‌ది. బ్లేడుల మొదట్లో పచ్చని మరక ఉంది. మూడుసార్లు కడిగించాడు. మందు చుక్క వేస్తే నీళ్ళు తెల్లబడలేదు. అయినా ఆయన వాటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే భార్య కంటి ఆపరేషన్‌కి వెళ్ళాలి, రెండు రోజులు సెలవు పెట్టుకున్నాడు. నేను స్ప్రే గది గుమ్మంలో రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. లోపల పూత చిమ్మే ప్లాస్మా గన్ను నడుస్తోంది. ఆ మోత పక్కన మనిషి గొంతు ఎంత? ఆయన ముఖానికి గుడ్డ మాస్కు. నేను సంజ్ఞ చేసి అడిగాను, ఏం రాయమంటారని.

ఆయన తల అడ్డంగా ఊపి ఏదో అన్నాడు. నాకు "నమక్ నేదు" అని వినబడింది.

నేను రాశాను. గళ్ళు హిందీలో అచ్చువేసి ఉంటాయి. నమక్ అన్న గడిలో 'నిల్' అని రాసి, పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన ఎప్పటిలాగే చదవకుండా తెలుగులో సంతకం పెట్టాడు. చదువుకోండి బాబాయ్ అని చేరిన కొత్తలో అనేదాన్ని. "నువ్వు రాసింది నాను మళ్ళీ సదవడమేటమ్మా" అనేవాడు. సంతకం పెట్టి, గ్లౌజులు విప్పి, ఆస్పత్రికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ సెట్టుకి పూత వేసేశారు. ఆయన తిరిగొచ్చేసరికి పెట్టెల్లో సర్ది పంపేశారు కూడా. పంపేశారా అని ఒకసారి అడిగాడు. పంపేశామన్నాను. తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ మందు పరీక్షో, ఇంకో కడుగుడో చేసి నిర్ణయించుకుని ఉంటారనుకున్నాడేమో.

వానలు వెళ్ళకముందే పెట్టెలు తిరిగొచ్చాయి. తెల్లపూత చాలా చోట్ల లేచిపోయింది. కింద లోహం పుళ్ళు పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని ఆ టర్బైన్ నిలిచిపోయింది. ఆ కంపెనీ మాకు మళ్ళీ పని ఇవ్వనంది. ఆయన ఒక బ్లేడుని బల్ల మీద ఉంచి వెళ్ళి, పొద్దున వచ్చి కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. నన్ను పిలిచి చూపించాడు. మొదట్లో, పచ్చమరక దగ్గర, సన్నటి తడి.

"సూడు. ఏడుస్తంది" అన్నాడు.

పది గంటలకి సేఠ్ పిలిచాడు. మా యజమానిని అందరం సేఠ్ అనే అంటాం. చెడ్డవాడేం కాదు. కాని కంపెనీ వాళ్ళకి ఎవరో ఒకరి పేరు చెప్పాలి. రిజిస్టరు తెరిచి పైకి చదివాడు. "నమక్, నిల్." ఆయన వైపు తిప్పి, "యే తుమ్‌నే బోలా థా?" అని అడిగాడు. ఇది నువ్వే చెప్పావా అని.

ఆయన ఆ గడి వంక చూశాడు. అప్పుడు చూశాను నేను. ఆయన పెదవులు కదిలాయి. శబ్దం లేదు. ఒకసారి ఒక మాట, మళ్ళీ ఇంకో మాట, పక్కపక్కన పెట్టి పోల్చుకుంటున్నట్టు. నమ్మకం. నమక్. ఆ రోజు ఆ మనిషి అన్నది "నమ్మకం నేదు" అని. వాటి మీద నాకు నమ్మకం లేదు, ఆపండి అని. పూర్తిగా చెవిటిదైనా ఆ మాత్రం ఊహించాలి. ఆ నోట్లోంచి నమక్ అన్న మాట ఎలా వస్తుంది? జన్మలో అనని మాట ఆ రోజు మాత్రం ఎందుకంటాడు?

"జీ సేఠ్‌జీ. మై హీ బోలా" అన్నాడు ఆయన. నేనే చెప్పానని.

నేను నోరు తెరవలేదు. భయం. ఇంకే కారణమూ లేదు. ఇన్నేళ్ళలో ఇంకేదైనా గౌరవమైన కారణం దొరుకుతుందేమోనని చాలా వెతికాను.

ఆయన్ని రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. ఆయన గ్లౌజులు మూడు నీళ్ళలో ఉతికి లోపలి దండెం మీద ఆరవేశాడు. నేను రిజిస్టరు చంకలో పెట్టుకుని గేటు దాకా వెంట వెళ్ళాను. వాచ్‌మన్ కిటికీలోంచి ఉప్పు పొట్లం తీసుకుని సైకిలు బుట్టలో పెట్టుకున్నాడు. "బాబాయ్" అన్నాను. అంతవరకే వచ్చింది.

"వానొస్తంది, లోనికెల్లమ్మా. రిజిస్టరు తడిసిపోతాది."

ఉప్పు తిన్నది నేను, నీళ్ళు తాగింది ఆయన.

తర్వాత ఆయన ఆరంగ్ వెళ్ళిపోయాడు. కూతురు అక్కడి ఆస్పత్రిలో నర్సు. రాయపూర్ నుంచి ఆరంగ్ ఎంత? బస్సెక్కితే గంట ప్రయాణం. ఆ గంట ప్రయాణానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఈలోగా నాకు పెళ్ళయింది, ఉద్యోగంలో పైకొచ్చాను, మేడమ్‌నయ్యాను. ఆయన తొట్టి, ఆయన బల్ల, ఆయన కిటికీ నా చేతికిందికి వచ్చాయి. నిజంగా ఆయనకి తెలిసిందా? లేక ముసలితనంలో తనే అలా అని ఉంటాననుకున్నాడా? రోజుకో జవాబు చెప్పుకునేదాన్ని. పెదవులు కదిలింది నా భ్రమేమో అని కూడా సర్దిచెప్పుకున్నాను. ఒక్కటి మాత్రం మారలేదు. ఏ పూత తట్టి చూసినా పక్కన "పలుకుతంది" అనే గొంతు లేకపోతే నాకు నమ్మకం కుదిరేది కాదు. ఇప్పటికీ కుదరదు. ఆ గొంతు ఒక్కసారి వినాలని ఉంటుంది, ఏమీ చెప్పకపోయినా, తిట్టినా సరే.

మరి ఆరంగ్ వెళ్ళి వచ్చాక? పండక్కీ పబ్బానికీ ఫోన్ చేసేదాన్ని. ప్రతిసారీ ఒకే ప్రశ్న. "రిజిస్టరు ఎవులు రాస్తన్నారు?" నేనే బాబాయ్ అనేదాన్ని. "ఐతే బాగే" అని ఫోన్ కూతురికి ఇచ్చేసేవాడు. వెళ్ళింది మాత్రం ఆ ఒక్కసారే. మళ్ళీ వెళ్దాం, మళ్ళీ వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను.

ఆరంగ్ వెళ్ళిన ఆ రోజు బస్సులో ఒక వాక్యం తయారు చేసుకున్నాను. 'బాబాయ్, మీరు నమ్మకం లేదన్నారు, నేను నమక్ లేదని రాశాను.' ఇంతే. ఆరంగ్‌లో దిగేదాకా పెదవుల మీద తిప్పుకుంటూనే ఉన్నాను. పక్కసీటు ఆవిడ నేనేదో స్తోత్రం చదువుకుంటున్నాననుకుని కాస్త ఒదిగి కూర్చుంది.

ఆయన వసారాలో కూర్చుని కూతురి స్టీలు గిన్నెలు తుడుస్తున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూడగానే, "ఓలమ్మా, గుంటొచ్చిందే!" అని గిన్నె పక్కన పెట్టి లేవబోయాడు. నా వయసుకి ఇంకెవరూ నన్ను గుంట అనరు. మొదటి ప్రశ్న నా పిల్లల గురించి కాదు.

"తొట్టిలో నీళ్ళు మారుస్తన్నారా? మూడుసార్లు కడుగుతన్నారా?"

"నాలుగు సార్లు బాబాయ్. నేను నాలుగు చేశాను."

"నాలుగా!" అన్నాడు. చాలాసేపు తలూపుతూ ఉండిపోయాడు.

ఆ సందు చూసుకుని మొదలుపెట్టాను. "బాబాయ్, ఆ రోజు స్ప్రే గది దగ్గర..."

"ముందల అన్నం తిను" అన్నాడు.

వాళ్ళమ్మాయి పీటలు వేసింది. పప్పు, వంకాయ కూర, మహానది చేపల పులుసు. నేను ముద్ద కలపకుండా మళ్ళీ మొదలుపెట్టాను. "బాబాయ్, మీరు నాతో చెప్పింది..." ఆయన వినిపించుకోలేదు. పప్పన్నం కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు, పూత తట్టి వినేటప్పుడు మూసుకున్నట్టే. తర్వాత కూతురి వైపు తిరిగి, ఒక్కో అక్షరం విడమరిచి అన్నాడు.

"నమక్ నేదు."

కూతురి చేతిలో గరిటె ఆగిపోయింది. "నాన్నా! నమకేటి? నీ నోట ఆ మాటేటి ఇయ్యాల?"

ఆయన నా వైపు చూడలేదు. ఇంకో ముద్ద కలుపుకుంటున్నాడు.

"ఈ గుంటకి ఆ మాటే బాగా ఇనపడతాదిలే" అన్నాడు.

అని నవ్వాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. కూతురికి ఏమీ అర్థం కాలేదు. "ముసిలోడికి సాదస్తం" అనుకుంటూ ఉప్పు జాడీ తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను తల ఎత్తలేకపోయాను. బస్సులో అంత జాగ్రత్తగా మోసుకొచ్చిన వాక్యం గొంతులోనే ఉంది, ఈ రోజుకీ అక్కడే ఉంది.

"తినమ్మా. సల్లారిపోతాది" అన్నాడు ఆయన, మెల్లగా.

పప్పన్నం కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.